పళ్ళెంలో అల్లుడుగారు

మా అమ్మమ్మకు మనుషుల మీద పెద్ద గౌరవం లేదు. కణాల మీద అంతకంటే లేదు. కంటి ఆసుపత్రి రెండో అంతస్తులో, కార్నియా కణాలను పళ్ళేలలో పెంచే గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పని చేస్తున్న మనిషి, వాటి గురించి ఒక్క మంచిమాట అనగా నేను వినలేదు.

"వాటికి సొంత బుద్ధంటూ ఏడిస్తే కదే," అంటుంది. "మెత్తటి చోట పడుకోబెడితే పసిపిల్లల్లా ఉంటాయి. గట్టి చోట పడేస్తే నాలుగు రోజుల్లో ముసలి మొహాలు పెడతాయి. ఎక్కడుంటే అక్కడి బుద్ధి. అచ్చం మీ నాన్నే."

కార్నియా అంటే కంటి ముందు బిగించిన అద్దం లాంటిది. నల్లగుడ్డు మీద ఉన్నట్టే తెలియకుండా ఉంటుంది. దాని మీద ఒక పల్చటి కణాల పొర రోజూ అరుగుతూ, రోజూ పుడుతూ ఉంటుంది. పుట్టించేవి నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో కూర్చున్న మూలకణాలు. ఆ అంచు కాలిపోతే పుట్టించే దిక్కు ఉండదు. తెల్లగుడ్డు మీది ఎర్రనరాలు నల్లగుడ్డు మీదికి పాకుతాయి, కన్ను తెల్లగా మసకబారుతుంది. అప్పుడు బాగున్న రెండో కంటి అంచు నుంచి నువ్వు గింజంత ముక్క తీసి, పళ్ళెంలో రెండు వారాలు పెంచి, అది పొరగా అల్లుకున్నాక పాడైన కంటి మీద పరుస్తారు. ఇదంతా నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. పుస్తకాలకీ నాకూ తొమ్మిదో తరగతిలోనే చెడింది. అమ్మమ్మ భోజనం చేస్తూ తిట్టిన తిట్ల వల్ల తెలిసింది.

ఆమె ఆ ఆసుపత్రిలో చేరింది సీసాలు కడగడానికి. అప్పట్లో ఆ గదిలో పెట్టిన కణాల్లో సగం ఎందుకో చచ్చిపోయేవట. చదువుకున్నవాళ్ళంతా గాలినీ, నీళ్ళనీ, మందునీ అనుమానించారు. ఒక ముసలి డాక్టరు మాత్రం ఏ పళ్ళెం ఎవరు కడిగారో రాసుకుంటూ వచ్చి, అమ్మమ్మ కడిగిన వాటిలో కణాలు బతుకుతున్నాయని కనిపెట్టాడు. మిగతావాళ్ళు సబ్బు వదిలేలా కడిగేవాళ్ళు కాదు, అంతే సంగతి. ఆ ఏడాదే ఆమెను లోపలికి పిలిచి, నెత్తికి టోపీ, మూతికి గుడ్డ కట్టి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో గరిటె కడిగితే పదకొండు నీళ్ళు. పదో నీళ్ళకు ఆపితే నేను సోమరిపోతుని, మా అమ్మ సోమరిపోతుని కన్న తల్లి.

చదువు అంతంతమాత్రం కాబట్టి ఆ గదిలోని సామాన్లకు అమ్మమ్మ తన పేర్లు తను పెట్టుకుంది. ఒంటి వేడితో కణాలను ఉంచే యంత్రం పొదిగే పెట్టె. గులాబీ రంగు నీళ్ళు మేత. రోగి రక్తం నుంచి తీసిన తేట కూడా అందులో కలుస్తుంది, లేకపోతే మేత వాటికి సయించదట. ఇక కణాలు ఎక్కి పాకే పల్చటి పొర ఉంటుంది చూశారూ, అది పక్క. కానుపు అయ్యాక తల్లులు ఇచ్చి వెళ్ళే ఉమ్మనీటి సంచి నుంచి తీసి, శుభ్రం చేసి, ఫ్రీజర్లో దాచే పొర అది. "పొట్టలో బిడ్డ పడుకున్న పక్క కాబట్టి పక్కే," అని అమ్మమ్మ తేల్చేసింది. దానికి రెండు వైపులుంటాయి. బిడ్డ వైపు నునుపు, రెండో వైపు జిగురు. నునుపు వైపు పైకి పెట్టి పరిస్తే కణాలు రాళ్ళు పేర్చిన బాటలా ఒద్దికగా అల్లుకుంటాయి. జిగురు వైపు పైకి వస్తే దారి తప్పి, సన్నగా సాగి, ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి. కళ్ళకు రెండు వైపులూ ఒకేలా కనిపిస్తాయి. స్పంజి కొసతో తాకి చూడాలి, జిగురు వైపైతే పోగులు లేస్తాయి.

ముప్ఫై ఏళ్ళలో ఆ పేర్లే ఆసుపత్రి పేర్లయ్యాయి. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా "పక్క వేశారా, మేత మార్చారా" అని అడుగుతుంటే బయటివాళ్ళు లోపల పశువుల కొట్టం ఉందనుకునేవాళ్ళు. ఆ గది తలుపు మీద అమ్మమ్మ చేతిరాతతో ఒక అట్ట వేలాడేది. తుమ్ములు, దగ్గులు ఉన్న మొహాలు లోపలికి రాకూడదు, అని. ఆసుపత్రి వాళ్ళు దాన్ని మర్యాదగా తిరగరాయించి పెట్టారు. అమ్మమ్మ మర్నాడే పీకి తన అట్ట తను తగిలించింది.

ఆ గదికి యజమాని అనదగ్గ డాక్టరును మేం బొమ్మల డాక్టరు అనుకునేవాళ్ళం. ఏది అడిగినా జేబులోంచి పెన్ను తీసి కన్ను బొమ్మ వేసేవాడు. మందుల చీటీ వెనక కన్ను, బిస్కెట్ పొట్లం మీద కన్ను. మీటింగుల్లో తెర మీద బొమ్మలు వేసి, కణం చుట్టూ ఉన్న పరిసరాలే కణం బతుకును ఎలా తీర్చిదిద్దుతాయో చెప్పేవాడు. నలభై నిమిషాల ఉపన్యాసం. అమ్మమ్మ అదే సంగతిని మజ్జిగ తాగేలోపు చెప్పేది. పక్క మెత్తగా ఉండాలి, మేత వేళకు అందాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి, చుట్టూ తమవాళ్ళు ఉండాలి, పెట్టె తలుపు ఊరికే తీసి చూడకూడదు. ఆయన తెర మీది ఫోటోలన్నీ అమ్మమ్మ పెంచిన పళ్ళేలవే. తీసింది కూడా ఆమే. కింద పేరు మాత్రం ఆయనది. దాన్ని గురించి అమ్మమ్మను అడిగితే, "పోనీలేవే, ఆయనకు చేతనైంది అదొక్కటే," అంది. అంతకంటే పెద్ద తిట్టు నేను వినలేదు.

ఆ మధ్యనే ఒక కొత్త అమ్మాయి వచ్చింది. రెండు డిగ్రీలు. అమ్మమ్మ ఆమెకు రెండూ కలిపి డిగ్రీ అని ఒకే పేరు పెట్టింది. మంచి పిల్లే, చేతులు నిలకడైనవి. అమ్మమ్మ నోట్లోంచి ఏ మాట వచ్చినా చిన్న పుస్తకంలో రాసుకునేది, దగ్గు తప్ప. "చెప్పింది చెప్పినట్టు చేస్తుంది," అని అమ్మమ్మ ఇంటికొచ్చి ఫిర్యాదు చేసేది. అందులో తప్పేముందని మా అమ్మ అడిగింది. "నువ్వు వినకపోవడం వల్లే కదే నీ బతుకు ఇలా ఉంది. అది వినడం వల్ల ఎలా ఉంటుందో చూద్దాం."

మా అమ్మ విననిది మా నాన్న విషయంలో. నాన్న గోడలకు సున్నం, రంగులు వేసే మనిషి. పెళ్ళికి ముందు మా అమ్మ వాళ్ళ వీధి గోడకు సున్నం వేయడానికి వచ్చాడు. మూడు రోజుల పని. పదకొండు రోజులు వేశాడు. గోడకు మూడు రోజులు, మా అమ్మాయికి ఎనిమిది రోజులు, అని అమ్మమ్మ ఇప్పటికీ లెక్క చెబుతుంది. నాన్నది షోకుల ప్రాణం. సున్నం పనికి తెల్లచొక్కా వేసుకుని వెళ్తాడు. వెనక జేబులో దువ్వెన ఉంటుంది, నిచ్చెన మీద కూడా తీస్తాడు. అమ్మమ్మ ఆయన్ని ఏనాడూ ఏకవచనంతో పిలవలేదు. అల్లుడుగారు అంటుంది. ఆ 'గారు'లో ఉండే కారం అంతా ఇంతా కాదు. అల్లుడుగారు లేచారా, అల్లుడుగారికి ఎండ తగులుతుందేమో తలుపు వేయవే, అల్లుడుగారి దువ్వెనకు జ్వరం తగ్గిందా. నాన్న కూడా ఏమాత్రం తగ్గకుండా, "మీ దయ, అత్తయ్యా," అనేవాడు.

నాన్న కంట్లో సున్నం పడ్డ రోజు కూడా ఈ షోకే కొంప ముంచింది. కొత్తగా కలిపిన సున్నం బకెట్ నిచ్చెన మెట్టుకు తగిలి కుడికంట్లోకి చిమ్మింది. కంట్లో అలా పడితే ఎవడైనా కుళాయి దగ్గరికి పరుగెత్తుతాడు. మా నాన్న లోపలి గదిలోకి, అద్దం దగ్గరికి పరుగెత్తాడు. మొహం ఎలా ఉందో చూసుకున్నాడు. ఆ తర్వాత కుళాయి. అమ్మమ్మ ఈ మాట విన్నప్పుడు తిట్టలేదు. చాలాసేపు నాన్న వైపు చూసి, "అద్దం ఏమంది, అల్లుడుగారూ?" అని అడిగింది.

ఏడు నెలలకు ఆ కన్ను పాలు పోసినట్టయింది. వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియదు. ఒక కంటితో నిచ్చెన మెట్టు అందక రెండుసార్లు జారి, చేతికి కట్టు కట్టించుకున్నాడు. పని మానేశాడు. బొమ్మల డాక్టరు మా నాన్న చేతికున్న కట్టు మీదే కన్ను బొమ్మ వేసి సంగతి చెప్పాడు. ఎడమకంటి అంచు నుంచి నువ్వు గింజంత తీయాలి. నాన్న ఎడమకంటి అంచు కూడా పూర్తిగా బాగా లేదు, అప్పుడెప్పుడో నాలుగు చుక్కలు అటు కూడా పడ్డాయి. అందుకని ఒకసారి తీయవచ్చు. రెండోసారి తీయాల్సి వస్తే ఆ కన్ను కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది. తీసిన ముక్క పళ్ళెంలో పెరగాలి, మొదటిసారే పెరగాలి. అంటే నాన్నకు ఉన్న రెండు కళ్ళూ ఇప్పుడు అమ్మమ్మ పళ్ళెంలో పడ్డాయి.

తనవాళ్ళ ముక్కను తాను ముట్టుకోకూడదనే నియమం ఆసుపత్రిలో ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా ముట్టుకోవడానికి వేరే మంచి చేతులు లేవు. ముందురోజే అమ్మమ్మ ఫ్రీజర్ నుంచి ఒక పొర తీసి, స్పంజితో తాకి చూసి, నునుపు వైపు పైకి పరిచి పళ్ళెం సిద్ధం చేసి వచ్చింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, "అల్లుడుగారికి పక్క వేసి వచ్చాను. ఇలాంటి పక్క ఆయన పుట్టింట్లో కూడా ఎరగరు," అంది. నాన్న దిండు ఉందా అని అడిగాడు.

మర్నాడు ఉదయం ముక్క తీయడానికి గంట ముందు, ఆ గది తలుపు దగ్గర, తన అట్ట కిందే నిలబడి, అమ్మమ్మ తుమ్మింది.

ఒకటి కాదు, మూడు. ముప్ఫై ఏళ్ళుగా ఎంతమంది డాక్టర్లను ఆ తలుపు దగ్గర నుంచే వెనక్కి తరిమిందో, అంతమందీ ఆ రోజు అక్కడ లేకపోవడం వాళ్ళ దురదృష్టం. ముక్కు కారుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపలికి వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. ఆమే అట్ట చదువుకుని ఆగిపోయింది. గాజు తలుపు బయట నిలబడి, లోపల డిగ్రీ చేసే పనిని చూస్తూ మాటలతో నడిపించింది. గాజు వెనక నుంచి మాట సగమే వినిపిస్తుంది. డిగ్రీ పళ్ళేన్ని వెలుతురుకు ఎత్తి చూపినప్పుడు పొర ఒక మూల ముడత పడి ఉండటం అమ్మమ్మ కంటపడింది. ముడత మీద కణాలు సరిగా పాకవు. గాజు మీద వేలితో కొట్టి, ఆ వేలే తిప్పుతూ, "పక్క ముడత పడింది. పక్క మార్చి వేయి," అని అరిచింది.

డిగ్రీ తల ఊపింది. రాసుకుంది. మార్చింది. నువ్వు గింజను నాలుగు నలుసులుగా కోసి పొర మీద నాలుగు మూలలా పెట్టి, పొదిగే పెట్టెలో పెట్టి తలుపు వేసింది.

అమ్మమ్మ నాలుగు రోజులు ఇంట్లో ఆవిరి పట్టుకుంటూ, మమ్మల్ని తిట్టుకుంటూ గడిపింది. ఆ నాలుగు రోజులూ నాన్న ఎడమకంటికి చుక్కల మందు వేసుకుని వరండాలో కూర్చునేవాడు. ఇద్దరికీ పని లేదు. ఒకరినొకరు చూసుకోవడం తప్ప మార్గం లేదు. కణాలు మూడో రోజుకు నలుసులోంచి బయటికి పాకడం మొదలుపెడతాయని అమ్మమ్మ చెప్పింది. "ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కోసం కూడా కదలని మనిషి, అక్కడ ఎంత కదులుతాడో చూద్దాం."

అయిదో రోజు ముక్కు ఆరింది. వెళ్ళింది. రిజిస్టర్ తీస్తే, 'అమ్మగారు చెప్పిన ప్రకారం పక్క మార్చి వేయడమైనది' అని ముత్యాల్లాంటి రాత. అమ్మమ్మ తృప్తిగా మైక్రోస్కోప్ దగ్గర కూర్చుంది. చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. రాళ్ళు పేర్చిన బాట ఎక్కడా లేదు. నలుసుల చుట్టూ కణాలు సూదుల్లా సన్నగా సాగి, తలా ఒక దిక్కుకు పోతున్నాయి. కొన్ని పొరలోకే దిగబడుతున్నాయి. ఆమె లేచి ఫ్రీజర్ తెరిచి పొరల పొట్లాలు లెక్కపెట్టింది. ఒక్కటి కూడా తగ్గలేదు.

"ఏ పక్క మార్చావు?" అని అడిగింది.

"మీరు మార్చమన్న పక్కే, అమ్మగారూ. కింది పక్క పైకి."

డిగ్రీ వచ్చిన చోట పొరను పొర అనే అనేవాళ్ళు, అక్కడ పక్క అంటే వైపే. ఇక్కడ ఆరు నెలలుగా పక్క అంటే పొర అని వింటూనే ఉంది, కానీ ముడత పడిన పొర గురించి గాజు వెనక నుంచి పెద్దావిడ పక్క మార్చమని వేలు తిప్పుతూ అరిస్తే, తిప్పేయమనే అర్థమైంది. ముడత కూడా తిప్పితే నిజంగానే సరిపోయింది. అంటే మా నాన్నకు వేసిన పక్క తిరగబడింది. జిగురు వైపు పైకి.

ఆ అమ్మాయి ఏడ్చిందట. అమ్మమ్మ ఆమెను తిట్టలేదని ఆసుపత్రి అంతా రెండు రోజులు చెప్పుకున్నారు.

తర్వాత సంగతి నేను కళ్ళారా చూశాను, ఎందుకంటే ఆ రోజు నాన్నను చుక్కల మందుకు తీసుకొచ్చింది నేనే. రెండో అంతస్తు వరండాలో బెంచీ మీద నాన్న నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తల దువ్వుకుని కూర్చున్నాడు. ముందుగా బొమ్మల డాక్టరు వచ్చాడు, చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితంతో. ఎప్పటిలా బొమ్మ వేయలేదు. ఈ కణాల్లోనే సత్తువ లేదని, కొందరి కణాలు స్వభావరీత్యా అంతేనని, రెండోసారి ఎడమకంటి నుంచి తీయక తప్పదని చెప్పాడు. ప్రమాదం మాట కూడా చెప్పాడు గానీ, చాలా తొందరగా, కింద చిన్న అక్షరాలు చదివినట్టు చెప్పాడు. నాన్న పెన్ను అందుకున్నాడు.

అప్పుడు అమ్మమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. టోపీ కూడా తీయలేదు.

"డాక్టరుగారూ, ఆ కాగితం కాసేపు మడవండి," అంది. "పోయిన నెల మీటింగులో నలభై నిమిషాలు దేని గురించి చెప్పారు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. అది వేరే సందర్భమన్నాడు.

"అదే సందర్భం. అక్కడ చెప్పినప్పుడు చుట్టూ ఉన్నదాన్ని బట్టే కణం అన్నారు. ఇక్కడ మన పొరపాటు అయ్యేసరికి కణం స్వభావమే వంకర అంటున్నారు. వంకర కాదు. పక్క తిరగబడింది."

డాక్టరు కాగితం మడిచాడు. నాలుగు మడతలు పెట్టి, దాని మీద ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

అమ్మమ్మ నాన్న ఎదురుగా నిలబడింది. మామూలుగా ఆయన కూర్చున్న బెంచీకి ఆమె దరిదాపులకు రాదు.

"అల్లుడుగారూ," అంది. ఆ 'గారు'లో ఎప్పుడూ ఉండే కారం లేదు. చప్పగా, వింతగా వినిపించింది. "మార్చమన్నది నేను. ఆ పిల్ల నా మాటే విన్నది. ముప్ఫై ఏళ్ళుగా రెండు వేరు వేరు వాటిని ఒకే మాటతో పిలిచి, అందరిచేతా పిలిపించాను. తప్పు నా నోటిది."

నాన్న నల్లకళ్ళద్దాలు తీశాడు. పాలు పోసినట్టున్న కన్ను, పక్కన ఎర్రగా ఉన్న ఇంకో కన్ను.

"అంటే నాలుగు రోజులుగా నన్ను బోర్లా పడుకోబెట్టారా, అత్తయ్యా?"

"బోర్లా కాదు. పరుపు తిరగేసి, దాని మీద."

"అదీ సంగతి. నడుం ఎందుకు పట్టేసిందా అనుకుంటున్నా."

నేనొక్కదాన్నే నవ్వాను. అమ్మమ్మ నా వైపు చూసింది. ఆపేశాను.

నలుసులు నాలుగూ ఇంకా బతికే ఉన్నాయని ఆమె చెప్పింది. సాగిపోయిన కణాలు ఇక పనికిరావు గానీ, నలుసుల లోపల ఉన్న మూలకణాలు ఇంకా చెడలేదని తన లెక్క. వాటిని ఎత్తి కొత్త పొర మీద, సరైన వైపు పెడితే మళ్ళీ పాకవచ్చు. పాకకపోతే వారం రోజులు పోయినట్టే, ఆ తర్వాత డాక్టరుగారి కాగితమే గతి. పాకుతాయని రాసివ్వమంటే రాసివ్వలేనంది.

"మీ అమ్మాయి కన్నయితే ఏం చేస్తారు?" అని నాన్న అడిగాడు.

"పక్క మార్చి చూస్తాను."

"ఏ పక్క?"

"పొర," అంది అమ్మమ్మ పళ్ళ బిగువున. "పొర. చాలా?"

"అయితే నాకూ అదే చేయండి. ఇరవై ఏళ్ళుగా నన్ను తిడుతూనే ఉన్నారు. తిట్టడానికి మనిషి కావాలి కదా, అంత తేలిగ్గా పోనివ్వరు."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు అట్టను ఒకసారి సరిచేసింది, అది తిన్నగానే ఉన్నా.

ఆ మధ్యాహ్నమే కొత్త పొర తీశారు. డిగ్రీని పక్కన కూర్చోబెట్టుకుంది. క్షమించండి, పక్కన అంటే ఆవిడకు ఎడమవైపు స్టూలు మీద. స్పంజి కొసతో మూడుసార్లు తాకించింది, పోగులు లేవని వైపు ఆ అమ్మాయి చేతనే చెప్పించింది. నలుసులను ఎత్తింది మాత్రం అమ్మమ్మే. సన్నటి పట్టకారుతో, ఊపిరి బిగబట్టి. ఒక్కో నలుసుకు అయిదు నిమిషాలు పట్టిందని డిగ్రీ తర్వాత నాకు చెప్పింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదట. అందుకే తనకు భయం వేసిందట.

ఇక మా ఇంట్లో భోజనాల దగ్గర వార్తలు మొదలయ్యాయి. మొదటి రోజు, అల్లుడుగారు కదల్లేదు. రెండో రోజు, అల్లుడుగారు కదల్లేదు. మా అమ్మ ఆ రెండు రోజులూ కంచం ముందు నుంచి లేచిపోయింది. మూడో రోజు అమ్మమ్మ వచ్చి, చెప్పులు విడిచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కంచం ముందు కూర్చుంది. మేం ముగ్గురం చూస్తున్నాం. "ఇద్దరు లేచారు," అంది చివరికి. "ఇద్దరు మొద్దునిద్ర."

లేచిన ఇద్దరూ మీ అమ్మాయిని చూసి ఉంటారని నాన్న అన్నాడు. మొద్దునిద్ర పోయేవాళ్ళ పోలిక ఎవరిదో చెప్పనక్కర్లేదని అమ్మమ్మ అంది. మా అమ్మ ఆ రోజు రెండుసార్లు వడ్డించుకుంది.

ఆ ఇద్దరే చివరి దాకా మిగిలారు. మిగతా రెండు నలుసులూ లేవలేదు. రెండే కావడం వల్ల పొర నిండడానికి పద్నాలుగు రోజులు చాలలేదు, ఇరవై రోజులు పట్టింది. రోజు మార్చి రోజు మేత మార్చారు. బొమ్మల డాక్టరు రోజుకోసారి వచ్చి పెట్టె తలుపు మీద చేయి వేయబోతే, అమ్మమ్మ లోపలి వెచ్చదనం పోతుందని ఆ చేతిని తీసి పక్కన పెట్టేది. ఇరవయ్యో రోజున ఆమె నన్ను గాజు బయట నిలబెట్టి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పి చూపించింది. అంచుల దాకా రాళ్ళు పేర్చిన బాట. ఒక్క ఖాళీ లేదు. మా నాన్న జీవితంలో అంత ఒద్దికగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

కుడికంటి మీది ఎర్రనరాలను తీసేసి, ఆ పొరను పరిచి, పైన కట్టు కట్టారు. కట్టు విప్పే రోజున అమ్మమ్మ సెలవు పెట్టలేదు. పని మధ్యలో టోపీతో కిందికి దిగి వచ్చి, మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. చేతిలో గుడ్డ సంచి ఉంది. డాక్టరు కట్టు విప్పి, ఎడమకన్ను మూయించి, నాలుగు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. నాన్న నాలుగన్నాడు. కిటికీ చూపించాడు. ఊచలు ఏడన్నాడు. ఎనిమిది ఉన్నాయి. అయినా ఎవరూ దిద్దలేదు. లోపల మచ్చ కొంత మిగిలింది, పెద్ద అక్షరాలు తప్ప చిన్నవి చదవలేడని, అది మెల్లగా చూద్దామని డాక్టరు చెప్పాడు. ఈసారి నిజంగానే మెల్లగా చెప్పాడు. రెండో కంటిని ముట్టుకోనక్కర్లేదని కూడా చెప్పాడు.

మా అమ్మ ఏడుస్తోంది. నాన్న ఆమె వైపు చూసి, తర్వాత అటూ ఇటూ చూసి, గోడలు వెతకడం మొదలుపెట్టాడు.

అమ్మమ్మ సంచిలోంచి మొదట నీళ్ళ సీసా తీసి మంచం పక్కన పెట్టింది. ఆ తర్వాత చిన్న అద్దం తీసి ఆయన చేతిలో పెట్టింది. "వరుస గుర్తుపెట్టుకోండి, అల్లుడుగారూ," అంది. 'గారు'లో కారం మళ్ళీ వచ్చి చేరింది. పాత మోతాదే. నాన్న అద్దంలో చూసుకుంటూ, "మీ దయ, అత్తయ్యా," అన్నాడు. ఆ మాటలో ఎప్పుడూ ఉండే వెటకారం కోసం నేను వెతికాను. ఉందేమో, నాకు దొరకలేదు.

ఇప్పుడు ఆ గదిలో పక్క అనే మాట ఎవరూ వాడకూడదు. పొరను పరుపు అనాలి, వైపును వైపు అనాలి. తలుపు మీది అట్టలో అమ్మమ్మ రెండో వాక్యంగా అది కూడా రాసింది. డిగ్రీ ఆ నియమాన్ని ప్రాణం పెట్టి పాటిస్తోంది. బొమ్మల డాక్టరు తన ఉపన్యాసంలో జిగురు వైపు కణాల ఫోటో ఒకటి కొత్తగా చేర్చాడు. అది మా నాన్నే. కింద ఆయన పేరు కాదు, డాక్టరు పేరు ఉంది.

నియమం రాసిన మనిషే ఇంట్లో దాన్ని పాటించదు. దుప్పట్లు ఉతికే రోజున, "పక్కలు మార్చవే," అని నన్ను కేకేస్తుంది. నేను లేచేలోపే మంచం మీదున్న నాన్న బుద్ధిగా ఎడమవైపు నుంచి కుడివైపుకు తిరిగి పడుకుంటాడు. అమ్మమ్మ ముందు వంగి, ఆయన గడ్డం పట్టుకుని కిటికీ వెలుతురుకు తిప్పి, కుడికంటిని ఒక నిమిషం చూస్తుంది. ఆ తర్వాత తిడుతుంది.